తల మిగిలిన ఊరు

కిందటి వారం కథ మిర్జాబెక్ నా గుమ్మంలో టోపీ చేత పట్టుకుని నిలబడిన చోట ఆగింది. యాభై దాటినవాడు, గడ్డం నెరిసినవాడు. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో, నా తరగతిలో లెక్క తప్పినప్పుడు ఎలా నిలబడేవాడో అలాగే నిలబడి, "మాస్టారూ, మా అమ్మ చేత ఒక్క మాట అనిపించండి. అంతకు మించి నాకేమీ వద్దు," అన్నాడు.

ఆ మాట ఏమిటో ఊరందరికీ తెలుసు. "మీ నాన్న లేడు" అన్న మాట.

అది అతనికి ఎల్లుండిలోగా కావాలి. అతని రెండో కొడుకు బెక్తాస్‌కు ఏటి అవతల సంబంధం కుదిరింది. ఎల్లుండి పెళ్లికొడుకు తరఫువాళ్లు వెళ్లి పిల్ల చెవులకు పోగులు పెట్టాలి. అక్కడ పొట్టేలును కోస్తారు. ఉడికిన తలను పళ్లెంలో పెట్టి, పెళ్లికొడుకు తండ్రి ముందు, మూతి అతని వైపు ఉండేలా ఉంచుతారు. అతను కత్తి అందుకుని తల మీంచి మొదటి ముక్క కోసేదాకా గదిలో ఎవరూ మాంసం ముట్టరు. కాని తండ్రి బతికి ఉన్నవాడు ఇలా తల పట్టకూడదు. పట్టాడంటే తండ్రి చావును తానే చాటినట్టు. మిర్జాబెక్ తండ్రి కల్కామన్ యుద్ధానికి వెళ్లాడు. అతను చనిపోయాడన్న కాగితం రాలేదు, ఆచూకీ తెలియదన్న కాగితం వచ్చింది. ఆ రెండు కాగితాలకూ మధ్యనున్న ఇరుకు సందులో ఈ మనిషి తన వయసంతా గడిపాడు.

పెద్దకొడుకు సంబంధం అప్పుడు ఏం జరిగిందో పాఠకులు మరిచిపోయి ఉండరు. పళ్లెం ముందుకు రాగానే మిర్జాబెక్ దాన్ని పక్కవాడి వైపు జరిపాడు. "ఏం, మా పొట్టేలు నచ్చలేదా?" అని అవతలివాళ్లు అడిగారు. "మా నాన్న ఉన్నాడు," అన్నాడు ఇతను. "ఎక్కడ?" అన్నారు వాళ్లు. ఆ సంబంధం ఆ గదిలోనే ముగిసింది. పెద్దకొడుకు బొగ్గుగనుల్లో పనికి పోయాడు, ఇప్పటికీ ఒంటరివాడే.

ఇక మా ఊరి పేరు సంగతి. అది చెప్పకుండా ముందుకు పోలేను.

మా ఊరు బస్‌కల్గన్. తల మిగిలింది అని ఆ పేరుకు అర్థం. మిగిలింది ఎవరి తలో కూడా అందరికీ తెలుసు. పొట్టేలుది. జిల్లాలో ఈ కథ చెప్పలేనివాడు లేడు. బస్సు కండక్టరు మా మలుపు దగ్గర బండి ఆపి, "తల మిగిలినవాళ్లంతా దిగండి, మిగలనివాళ్లు కూర్చోండి!" అని అరుస్తాడు. సంతలో ఎవడైనా మా ఊరికి విందుకు వెళుతున్నానంటే, "అయితే తిని బయలుదేరు" అంటారు. ఈ ఎగతాళి పడలేక, దేశానికి కొత్త ప్రభుత్వం వచ్చిందీ, ఊళ్లకు కొత్త పేర్లు వస్తున్నాయీ కనుక మనమూ మార్చుకుందామని మా కుర్రాళ్లు సభ పెట్టుకున్నారు. ఆ సభకు పేరు వెనుక చరిత్ర వివరించవలసిన బాధ్యత, ఉద్యోగ విరమణ చేసి ఖాళీగా ఉన్నానన్న నెపంతో, నా నెత్తిన పెట్టారు.

జిల్లా చెప్పుకునే కథ ఇది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, శరదృతువులో, కాలువ తవ్వకం పూర్తయిందని ఇక్కడ విందు చేశారు. ఊరికి అప్పుడు పేరే లేదు, ఒక నంబరు ఉండేది. కరువు రోజులు. ఉమ్మడి పొలం తరఫున ఒకే ఒక్క పొట్టేలును కోశారు. జిల్లా కేంద్రం నుంచి పశువుల డాక్టరు వచ్చాడు, మీసం సరిగా రాని కుర్రాడు. అతిథి గనుక తలను అతని ముందు పెట్టారు. "మా నాన్న నిక్షేపంగా ఉన్నాడు, నేను పట్టకూడదు. మీలో ఎవరైనా పట్టండి," అని అతను పళ్లెం పక్కకు జరిపాడు. పక్కవాడు, "అయ్యో, నేనెలా? మీరు పట్టండి," అని ఆ పక్కవాడికి జరిపాడు. ఆ పక్కవాడూ అంతే. పళ్లెం గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. మరో చుట్టు తిరిగింది. తల మీది ఆవిరి ఆగిపోయింది. మాంసం మీది కొవ్వు కొవ్వొత్తి మైనంలా తెల్లబడింది. గుమ్మం బయట కుక్క కూడా పళ్లెంతోపాటు తిరిగిందంటారు. కునుకు తీస్తున్న ఒకడి ముందు దొంగచాటుగా పళ్లెం పెడితే, వాడు కళ్లు తెరిచి, పళ్లు ఇకిలించిన తలకాయను చూసి కెవ్వుమన్నాడట. ఎవరూ తల పట్టలేదు గనుక ఎవరూ మాంసం ముట్టలేదు. పొట్టేలంతా ఎదురుగా ఉండగా ఊరు ఊరంతా మర్యాదతో పస్తు పడుకుంది. అతిథి జేబులో ఉన్న ఎండు పెరుగు ఉండ నములుకుంటూ గుర్రమెక్కి, దారిలో తగిలిన ప్రతి గుమ్మంలోనూ ఈ కథ చెప్పుకుంటూ పోయాడు. నంబరును జనం మరిచిపోయారు. నవ్వును మరిచిపోలేదు.

ఈ కథను నేను ఎన్నడూ నమ్మలేదు. మర్యాదకు ఒక హద్దు ఉంటుంది. ఆకలితో ఉన్న మనిషి ఒకసారి "మీరు" అంటాడు, రెండోసారి అంటాడు, మూడోసారి కత్తి తీసుకుంటాడు. మనుషులు చేసే ప్రతి వింత పని వెనుకా ఒక కారణం ఉంటుంది. అది కనిపించనప్పుడు మనం దాన్ని హాస్యమంటాం, లేదా దైవమంటాం. రెండూ బద్ధకానికి పేర్లే. అందుకని ఆ రోజు విందుకు నేల మీద పరిచిన గుడ్డ చుట్టూ కూర్చున్నది ఎవరెవరో, బతికి ఉన్న ముసలివాళ్లను అడిగి, ఒక్కొక్క పేరే పోగుచేశాను. చివరికి నా ముందు నిలిచిన సంగతి నవ్వు పుట్టించేది కాదు. దాన్ని నిర్ధారించగలిగిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె మిర్జాబెక్ తల్లి బాల్ఖియా.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్లాను.

బాల్ఖియా పెరట్లో నులకమంచం మీద గుడ్డ పరిచి, ఉప్పు కలిపిన గట్టి పెరుగును పిడికిట్లో నొక్కి ఉండలు చేసి ఎండబెడుతోంది. ఒక్కొక్క ఉండ మీదా ఆమె నాలుగు వేళ్ల గుర్తులూ పడుతున్నాయి. నన్ను చూసి లేవలేదు.

"రా మాస్టారూ, రా. నా కొడుకు పంపాడా, నీ అంతట నువ్వే వచ్చావా?"

"రెండూనూ, అక్కా."

"రెండూ అనేవాడు ఒకటి దాస్తాడు. కూర్చో. ఆ స్టూలు కాదు, దానికో కాలు లేదు. భూమి సూర్యుడికి ఎంత దూరంలో తిరుగుతోందో చెబుతావు కానీ, కూర్చునే స్టూలుకి కాళ్లెన్నో చూసుకోవు."

నేను గోడవారనున్న దుంగ మీద కూర్చున్నాను. ఒక ఉండ నా చేతిలో పెట్టింది. ఇంకా పచ్చిగా ఉంది.

"ఊరి పేరు గురించి అడగడానికొచ్చాను," అన్నాను.

"పొట్టేలు తల. అంతేగా. నవ్వాలా?"

"నేను నవ్వడం లేదక్కా. ఆ రోజు గుడ్డ చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో పేర్లు తెలుసుకున్నాను. పెద్దవయసువాడు ఒక్కడూ లేడు. ఊళ్లో మిగిలిన చివరి ముసలాయన ఆ చలికాలమే పోయాడు. కూర్చున్నవాళ్లంతా కుర్రాళ్లు. అందరి తండ్రులూ యుద్ధానికి వెళ్లారు. చనిపోయినట్టు కాగితం వచ్చిన ఇళ్ల కుర్రాళ్లు పట్నంలో ఫ్యాక్టరీ పనికి పోయారు. ఇక్కడ మిగిలినవాళ్లందరూ ఆచూకీ తెలియనివాళ్ల కొడుకులే. అవునా?"

ఆమె చెయ్యి ఆగలేదు. పిడికిలి బిగిసింది, విడింది. ఉండ గుడ్డ మీద పడింది.

"ఆ పళ్లెం తిరిగింది మర్యాద వల్ల కాదు," అన్నాను. "తల పట్టినవాడు తన తండ్రి చచ్చాడని ఒప్పుకున్నట్టు. ఆ మాట ఎవరూ అనలేకపోయారు."

"కుర్రాళ్లకేం, పట్టేసేవాళ్లు," అంది బాల్ఖియా. "ఆకలి మీదున్నారు. ఒకడి చెయ్యి కత్తి దాకా వెళ్లింది కూడా. కానీ మేం ఎక్కడున్నామో నువ్వు కనుక్కోలేదు. కాగు దగ్గర, తలుపు అవతల, తల్లులమంతా వరసగా నిలబడి ఉన్నాం. ఒక్కరం కూడా మాట్లాడలేదు. ఎవడి చెయ్యి లేచినా వాడి తల్లి మొహం వాడికి కనిపిస్తోంది. ఎవడు పడతాడు?"

"ఆ డాక్టరు కుర్రాడికి అది తెలీదు."

"వాడికేం తెలుస్తుంది? వాడి నాన్న ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. వాడు పడిపడి నవ్వాడు. నవ్వనీ అనుకున్నాం. మా ఏడుపు చూసి పోవడం కంటే నవ్వుకుంటూ పోవడమే నయం కదా."

నేను అనుకున్నది నిజమని తేలింది. ఆ సంతోషం నాలో ఉండవలసినంత లేదు. కాని నేను వచ్చిన పని ఇంకా మిగిలే ఉంది.

"అక్కా, ఆ తల్లుల్లో మిగతావాళ్లంతా ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. వాళ్ల కొడుకులు ఇప్పుడు తల పడుతున్నారు. నువ్వొక్కదానివే..."

"నేనొక్కదాన్నే మొండిదాన్ని. అను."

"మిర్జాబెక్ తనకంటే చిన్నవాళ్ల కింద కూర్చుంటున్నాడు. మనవలు పుట్టే వయసులో పసివాడిలా. రేపు మళ్లీ పళ్లెం జరిపితే ఈ పెళ్లీ పోతుంది. మీ ఆయన ఈపాటికి ఎనభైకి దగ్గర పడాలి. ఇన్నేళ్లలో ఒక్క కబురు లేదు. కబురు లేకపోవడమే కబురక్కా."

"నీ పుస్తకాల్లో అలా రాసుందా?"

"పుస్తకాల్లో కాదు. బుద్ధితో ఆలోచిస్తే తేలేది అదే. ఆశ వేరు, ఆధారం వేరు. నీ దగ్గరున్నది ఆశ."

అప్పుడు ఆమె చెయ్యి ఆగింది. పెరుగు అంటిన వేళ్లను గిన్నె అంచుకు తుడుచుకుని, నన్ను తేరిపార చూసింది. ఆ చూపులో కోపం లేదు. నా మీద జాలి లాంటిదేదో ఉంది.

"నేను ఆశతో కూర్చున్నాననుకున్నావా, ఇన్నేళ్లూ?" అంది. "ఊరి పేరు మార్చండి మాస్టారూ, మార్చండి. ఆ పేరు ఎలాగూ అబద్ధమే. తల మిగల్లేదు."

"కుక్క ఎత్తుకుపోయిందని విన్నాను."

"కుక్క!" ఆమె చిన్నగా నవ్వింది. "విను. ఆ రోజు పళ్లెం మా ఇంట్లోనే పెట్టారు, నాది కాగుకి దగ్గరిల్లు కాబట్టి. మాంసం తెల్లారి పిల్లలకి పంచుదామన్నారు. తలని గుడ్డ కప్పి గుమ్మం లోపల పెట్టాను. పొద్దు పొడుస్తుండగా లేచి చూస్తే గుడ్డ మడతపెట్టి ఉంది. పళ్లెంలో ఎముక తప్ప ఏం లేదు. దవడలు విడదీసి ఉన్నాయి. విరగ్గొట్టి కాదు, విడదీసి. నువ్వు చెప్పు, ఏ కుక్క గుడ్డ మడతపెడుతుంది?"

"ఆకలిగొన్న మనిషెవడో..."

"ఆగు. మిర్జా ఆరేళ్లవాడు, నిద్రపోతున్నాడు. వాడి దిండు పక్కన చెవి ఉంది."

నేను చేతిలోని పెరుగు ఉండను కింద పెట్టాను.

తల పట్టినవాడు ముందుగా చెవి కోసి ఇంట్లోని చిన్నపిల్లవాడికి ఇస్తాడు. ఇది మా ఇళ్లలో నడక వచ్చిన బిడ్డకు కూడా తెలిసిన విషయం. కుక్క చెవి పంచదు. దొంగ కూడా పంచడు.

"అయినా అక్కా," అన్నాను. "ఇరుగుపొరుగున ఎవరో జాలిపడి..."

"నాకూ ఆ తెలివి ఉంది మాస్టారూ. నేనూ అదే అనుకోబోయాను. కానీ అందరూ ఏ చెవి కోస్తారు?"

"కుడి చెవి."

"ఎందుకు?"

ఆలోచించి చెప్పాను. "మూతి అవతలికి తిప్పి, ఎడమ చేత్తో తల పట్టుకుని కుడిచేత్తో కోస్తారు కాబట్టి. కత్తికి అటువైపే అందుతుంది."

"అక్కడున్నది ఎడమ చెవి." ఆమె తన ఎడమ అరచేతిని తెరిచి, దాని వంకే చూసుకుంది. "మిర్జా వాళ్ల నాన్న అన్ని పనులూ ఎడంచేత్తోనే చేసేవాడు. పెళ్లైన కొత్తలో మా అత్తగారు ఆయన వేళ్ల మీద కొట్టేది, అన్నం దగ్గర. ఊళ్లో ఇంకెవరూ అలా లేరు. అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు."

భర్త పేరు నోట పలకని తరం ఆమెది. నేను ఈ ఊళ్లో ఉన్న దాదాపు నలభై ఏళ్లలో ఆమె నోట ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదు. మిర్జా వాళ్ల నాన్న, లేదా ఆయన. అంతే.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పను? శత్రువుల చేతికి చిక్కి తిరిగొచ్చినవాళ్లని ఆ రోజుల్లో ద్రోహులని ఏ శిబిరాలకు రైలెక్కించారో నీకు తెలుసు. చెబితే వెతకడానికి వస్తారు. అదొకటి. పక్కన అంతమంది తల్లులున్నారు. మీవాళ్లు రాలేదు, మావాడు వచ్చి తలకాయ తిని పోయాడని చెప్పనా? ఆ చెవి కోసి మిర్జాకి తినిపించాను. నిద్రలో నమిలి మళ్లీ పడుకున్నాడు. పొద్దున లేచి కలొచ్చిందన్నాడు. కలే నాన్నా అన్నాను."

"మరి అతను ఎందుకు ఉండలేదు? ఎందుకు నిన్ను లేపలేదు?"

"అది నీ బుద్ధిని అడుగు. నేను అడిగి అడిగి అలిసిపోయాను." ఆమె మళ్లీ పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది. "వచ్చాడని నాకు తెలుసు. పోయాడని తెలీదు. వచ్చినవాణ్ణి పోయాడని నా నోటితో ఎలా అంటాను? ఇప్పుడు చెప్పు, నాది ఆశా, ఆధారమా?"

నాకు రెండు మూడు జవాబులు తోచాయి. ఒక చెవి వల్ల ఒక మనిషి ఋజువు కాడు. జ్ఞాపకం ఏళ్లు గడిచేకొద్దీ తనకు కావలసిన వైపుకు ఒరుగుతుంది. ఇవన్నీ నేను తరగతిలో చెప్పినవే. ఏదీ ఆ పసివాడి దిండు దాకా చేరలేదు.

అప్పుడే లారీ చప్పుడు వినిపించింది.

ఏటి గట్టున దారంతా బురద. వియ్యాలవారి బండి దిగబడుతుందని, పెళ్లికూతురి తాత తానే లారీ తీసుకుని ఒకరోజు ముందుగా వచ్చి తోడ్కొని వెళతానన్నాడని మిర్జాబెక్ చెప్పాడు. ఆయన పేరు నార్తాయ్. ఈ సంబంధం మాటలన్నీ ఆయన కొడుకే నడిపాడు. తాతగారిని మేమెవరమూ చూడలేదు. లారీ గుమ్మం ముందు ఆగింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, భారీ శరీరం, నక్కతోలు టోపీ. డ్రైవరు చెయ్యి అందించబోతే దాన్ని తోసేసి, తానే దిగాడు.

"వియ్యపురాలా!" అని గుమ్మంలోంచే కేక పెట్టాడు. "కంగారుపడి పొయ్యి వెలిగించకు! బస్‌కల్గన్‌కి వస్తున్నాను కదా, దారిలోనే తినేసి వచ్చాను!"

బాల్ఖియా లేచి, తల మీది తెల్లగుడ్డ సవరించుకుంది. తన నోటికి ఆయన నోరు సరిపోతుందా అన్నట్టు చూసింది. "తిని వచ్చావా? నీ పొట్ట చూస్తే పొట్టేలుతో పాటు దాని కాపరిని కూడా తినొచ్చినట్టున్నావు. రా, కూర్చో. ఆ స్టూలు మీద కూర్చో."

నేను ఆ స్టూలును కాలితో పక్కకు జరిపాను. ఆయన పగలబడి నవ్వి దుంగ మీద నా పక్కన కూలబడ్డాడు. టీ వచ్చింది. ఆయన గిన్నె అందుకుంటూ పెరటినీ, పాత ఇంటినీ, వెనకనున్న కాలువ గట్టునూ మార్చి మార్చి చూశాడు.

"ఇల్లు మారలేదు. కాగు ఇక్కడే, ఈ గోడ పక్కనే ఉండేది," అన్నాడు. తరువాత తొడ చరుచుకున్నాడు. "మీరు నాకు బాకీ పడ్డారు, తెలుసా? ఈ ఊరికి పేరు పెట్టింది ఎవరనుకున్నారు? నేనే! ఆ పశువుల డాక్టరు కుర్రాణ్ణి నేనే!"

బాల్ఖియా టీ పోస్తున్న చెయ్యి గాలిలో నిలిచిపోయింది. టీ నీళ్లు కాచే సమోవార్ కొళాయి కట్టకపోవడం వల్ల నీళ్లు పళ్లెంలోకి పారాయి. నేను వంగి కొళాయి కట్టాను.

ఆయన గమనించలేదు. వేలసార్లు చెప్పి నున్నబడిన కథ అది. చేతులతో పళ్లెం జరుపుతూ, కునుకు తీసేవాడి కళ్లు తెరుస్తూ, కెవ్వుమంటూ చెప్పుకుపోయాడు. మేమిద్దరమూ నవ్వకపోయేసరికి నెమ్మదించాడు.

"ఏంటి, మీ ఊళ్లో ఈ కథ మరీ పాతబడిందా? నేను మొదటిసారి చెప్పినప్పుడు కూడా ఇంతే. ఏటి దగ్గర గుర్రానికి నీళ్లు పెడుతుంటే ఒకడు కనబడ్డాడు. వాడే నా కథ మొదట విన్నవాడు. వాడూ నవ్వలేదు."

బాల్ఖియా పెదవులు కదిలాయి. నేను చెయ్యెత్తి ఆపాను.

"అక్కా, నువ్వేం అనొద్దు. ఆయన్నే చెప్పనివ్వు," అన్నాను. సాక్షి నోట మనకు కావలసిన మాట పెట్టి, దాన్నే తిరిగి సాక్ష్యంగా పుచ్చుకోవడం మనిషికి అతి సులువైన మోసం. ఈ ఒక్క చోట దాన్ని జరగనివ్వదలుచుకోలేదు. నార్తాయ్ వైపు తిరిగాను. "ఎలాంటివాడు?"

"చిరిగిన సైనికుడి కోటు. కాలినడక. ఊళ్లో పొగ ఏంటని అడిగాడు. విందు అన్నాను, తల సంగతి చెప్పాను. 'తండ్రి చచ్చినవాడు ఒక్కడూ లేడట ఆ ఊళ్లో, అందరి నాన్నలూ బతికే ఉన్నారట!' అని నేను నవ్వుతున్నాను. వాడు అక్కడున్న రాయి మీద కూర్చుండిపోయాడు. ఆకలేమో అనుకున్నాను. తిండి లేదు నా దగ్గర, చిటికెడు పొగాకు ఇచ్చాను."

"ఎలా పుచ్చుకున్నాడు?" అని అడిగాను, మాటను వీలైనంత మామూలుగా ఉంచి.

"ఎలా ఏంటి మాస్టారూ, ఇలా," అని ఆయన చెయ్యి చాచి చూపించాడు. చూపించి, తన చేతినే తాను ఆశ్చర్యంగా చూసుకున్నాడు. చాచినది ఎడమ చెయ్యి. "అవును సుమా! ఎడంచేత్తోనే పుచ్చుకున్నాడు. పెద్దమనిషిలా ఉన్నాడు, పుచ్చుకునే మర్యాద తెలీదేంటా అని అప్పుడు అనుకున్నాను కూడా."

మంచం మీద పెరుగు ఉండలు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. నార్తాయ్ నన్ను చూసి, బాల్ఖియాను చూశాడు. జీవితమంతా మనుషుల మొహాలు చూసి కథ చెప్పినవాడు. తన కథ ఎక్కడికి వచ్చి చేరిందో ఆయనకు మెల్లగా అర్థమయింది. నక్కతోలు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"వియ్యపురాలా," అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. "వాడు లేచేటప్పుడు ఒక మాట చెప్పాడు. మొదట్లో కథతోపాటు దాన్నీ చెప్పేవాణ్ణి. ఆ మాట రాగానే జనం నవ్వడం మానేసేవాళ్లు. అందుకని కథలోంచి దాన్ని తీసేశాను. ఇన్నేళ్లయింది, ఎవరికీ చెప్పలేదు."

"ఏ మాట?" అన్నాను.

"మీకు కాదు మాస్టారూ. ఆమెకీ కాదు. 'ఆ ఊళ్లో కుర్రాళ్లకు చెప్పు, తల ముందుకొచ్చినప్పుడు' అని మొదలుపెట్టాడు. కొడుకులకు చెప్పమన్న మాట అది."

లారీ చప్పుడు విని పొలం నుంచి వచ్చిన మిర్జాబెక్ అప్పటికే గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టాడు. కాళ్లకు బురద, చేతిలో పార. వియ్యంకుడికి సలాం చెప్పబోయి, ముగ్గురి మొహాలూ చూసి ఆగిపోయాడు. ముందుగా అతని చూపు నా మీదే పడింది. తల్లి చేత ఆ ఒక్క మాట అనిపించానా అని ఆ చూపు అడుగుతోంది.

బాల్ఖియా లేచి నిలబడింది. నీళ్ల చెంబు చేతికి తీసుకుంది. ఆమె నోట నేను ఎన్నడూ వినని పేరు, కొడుకు కూడా ఎన్నడూ విని ఉండని పేరు, ఆ పెరట్లో మొదటిసారి వినిపించింది.

"కల్కామన్ కొడుకా," అంది. "పార అక్కడ పెట్టి ఇటు రా. చేతులు కడుక్కో. మీ నాన్న నీకో మాట పంపాడు."